బాతు కాలు, అమ్మ కాలు

మా ఇంట్లో బాతులున్నాయంటే ఆదోనిలో ఎవరైనా ముందు నవ్వుతారు. బిందెలు వరసలో పెట్టి కొళాయి కోసం ఎదురుచూసే వీధిలో బాతులేమిటని. 2020లో విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు సగం రాసిన సిద్ధాంత వ్యాసంతో నేను హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చేశాను. ఆ ఏడాది చివర్లో, తుంగభద్ర దిగువ కాలువ కింద కోతలైపోయిన వరిమళ్ళలో బాతుల్ని మేపుకుంటూ వచ్చిన ఒక కుటుంబం, మందతో సమంగా నడవలేని రెండు పిల్లల్ని మా అమ్మకిచ్చి పోయింది. రోజూ మైళ్ళు నడిచే మందలో నడవలేని బాతు బరువే. అమ్మ వాటిని కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. వాటి పేర్లూ అవే.

2022 ఏప్రిల్‌లో తెల్లది కుంటడం మొదలుపెట్టింది. ఈ వాక్యం సరైంది కాదు. అది కుంటుతోందని నేను ఏప్రిల్‌లో చూశాను. ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలియదు. వేటకు గురయ్యే జీవాలు జబ్బును దాచుకుంటాయి. మందలో కుంటుతూ కనిపించేదాన్నే నక్కో కుక్కో ముందు పట్టుకుంటుంది కాబట్టి, నడవగలిగినంతకాలం మామూలుగానే నడుస్తాయి. మన కంటికి కనిపించేసరికి జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది. తెల్లది అన్నానికి కూడా లేవకుండా కూర్చున్న చోటే మెడ చాపడం మొదలెట్టాక నేను దాన్ని ఎత్తి కాలు తిప్పి చూశాను. అరికాలి మధ్యలో రేగిపండంత వాపు. దాని మీద నల్లటి పక్కు. చెయ్యి పెడితే వేడిగా ఉంది.

"ఆనెకాయలే" అంది అమ్మ.

ఇంగ్లీషులో ఈ జబ్బును బంబుల్‌ఫుట్ అంటారు. తెలుగులో దీనికి పేరుందేమోనని వెతికాను. ఎద్దుకొస్తే గాలికుంటు ఉంది, గొంతువాపు ఉంది, జబ్బవాపు ఉంది. సేద్యానికి, పాడికి పనికొచ్చే పశువు జబ్బులకు మన భాష పేర్లు పెట్టుకుంది. పెరట్లో బాతు కాలికి నాకు పేరు దొరకలేదు. అందుకే అమ్మ మనుషుల కాళ్ళకు వాడే మాటనే దానికిచ్చింది. ఆ మాట అంతకుముందే మా ఇంట్లో రెండుసార్లు విన్నానని అప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఈ జబ్బు ఎందుకొస్తుందో చదివాక మొదటిసారి సిగ్గుపడ్డాను. బురదలో, తడి గడ్డిలో, నీళ్ళలో తిరగడానికి తయారైన కాలు బాతుది. నీళ్ళలో ఉన్నప్పుడు ఒంటి బరువు కాళ్ళ మీద పడదు, చర్మం మెత్తగా ఉంటుంది. మా పెరడంతా బేతంచెర్ల బండలు. మా ప్రాంతంలో కాస్త కలిగిన ఇంటి గుర్తే ఆ బండలు. ఏప్రిల్ ఎండకు అవి పెనంలా కాలుతాయి. గట్టి నేల మీద రోజంతా తిరిగితే అరికాలి చర్మం ఎండి చిట్లుతుంది. ఆ చిట్లులోంచి స్టెఫిలోకోకస్ వంటి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. లోపల చీము గట్టిపడి గింజలా తయారవుతుంది. దానికి తోడు అమ్మ ప్రేమగా పెట్టిన అన్నంతో పెరిగిన బరువు. కుక్కలు రాకుండా, ఎవరూ ఎత్తుకుపోకుండా మేం కట్టిన గోడల మధ్య వచ్చిన జబ్బిది. అడవిలో నక్క పట్టుకునేదేమో. ఇంట్లో ఇల్లే పట్టుకుంది. రక్షణ పేరుతో కట్టిన గోడల లోపలే దెబ్బలు తగలడం గురించి నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమే ఉంది. స్త్రీల కథల్లో జబ్బుపడిన శరీరం అనేది నా అంశం. దాని కోసం నాలుగేళ్ళు చదివాను. పెరట్లో బండలు నాకు కనపడలేదు.

*

ఒక పశువుల ఆసుపత్రికి తెల్లదాన్ని బుట్టలో పెట్టుకుని పోయాను. అక్కడ గొర్రెలున్నాయి, మేకలున్నాయి, కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఒక ఎద్దుంది. బుట్టలోంచి బాతు తల పైకెత్తగానే అందరూ నవ్వారు. దీనికి వైద్యం చేయించే డబ్బుతో నాలుగు బాతులొస్తాయని ఒకాయన లెక్క చెప్పాడు. కోసుకోండి అన్నాడు ఇంకొకాయన. లెక్కగా చూస్తే వాళ్ళు చెప్పింది తప్పు కాదు. జీవి విలువ దాని ధరే అనుకుంటే బాతు కాలికి వైద్యమే లేదు. ఆ లెక్కలో చాలామంది ఆడవాళ్ళ కాళ్ళకూ వైద్యం లేదు.

ఇంటికొచ్చి నేనే చేశాను. అక్కడా ఇక్కడా చదివి, వీడియోలు చూసి, ఆ పక్కును తీసి లోపలి గింజను లాగేస్తే సరిపోతుందనుకున్నాను. కొత్త బ్లేడు వేడినీళ్ళలో మరిగించాను. తువ్వాలులో చుట్టిన తెల్లదాన్ని అమ్మ ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. నేను కోశాను. గింజ రాలేదు, రక్తం వచ్చింది. తెల్లది అరవలేదు. మామూలుగా ఆకలేస్తే వీధి చివరికి వినపడేలా అరిచేది, అప్పుడు నోరు తెరిచి గాలి పీల్చింది అంతే. రెక్కలు తువ్వాలులోంచి బయటికి రావడానికి కొట్టుకున్నాయి. "గట్టిగా పట్టుకో అమ్మా" అన్నాను. అమ్మ గట్టిగా పట్టుకుంది. ఇంకొకసారి కోశాను.

ఆ రెండో కోత గురించే ఈ వ్యాసం.

మొదటి కోతప్పుడు నాకు తెలియదు. రెండోసారి కోసినప్పుడు నాకు తెలియదన్న సంగతి తెలుసు. అయినా కోశాను, దాని మంచి కోసమే కాబట్టి. మంచి కోసమే అన్న మాట ఎంత ప్రమాదమైందో ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చదువు మాన్పించింది మంచి కోసమే, పదహారేళ్ళకు పెళ్ళి చేసింది మంచి కోసమే. నా చేతిలో బ్లేడు ఉన్నప్పుడు నేనూ అదే భాష మాట్లాడాను.

జంతువుల గురించి నీతిశాస్త్రం చెప్పినవాళ్ళలో చాలామందికి ఇంట్లో జంతువును సాకే ఆడవాళ్ళంటే చిన్నచూపుంది. పీటర్ సింగర్ 1975లో రాసిన 'యానిమల్ లిబరేషన్' ముందుమాటలో, జంతువులంటే తనకెంతో ప్రేమని చెబుతూనే మాంసం తినే ఒక మహిళ కనిపిస్తుంది. తాను జంతు ప్రేమికుణ్ణి కాననీ, తనది న్యాయానికి సంబంధించిన వాదమనీ చెప్పుకోవడానికి సింగర్‌కు ఆమె అవసరమైంది. 1990లో 'సైన్స్' అనే స్త్రీవాద పత్రికలో జోసెఫీన్ డోనొవాన్ దీన్నే నిలదీసింది. ప్రేమను, జాలిని ఆడవాళ్ళ బలహీనతగా పక్కకు నెట్టి, తర్కం ఒక్కదాన్నే నీతికి పునాది చెయ్యడమెందుకని. చదువుకునే రోజుల్లో నేను డోనొవాన్ పక్షం. ఇప్పుడూ ఆమె పక్షమే. కానీ బ్లేడు పట్టుకున్న రోజు నాలో ప్రేమకు, జాలికి కొదవ లేదు. కన్నీళ్ళు కూడా వచ్చాయి. లేనిది పనితనం.

జోన్ ట్రాంటో 1993లో 'మోరల్ బౌండరీస్' అనే పుస్తకంలో ఈ సంగతే చెబుతుంది. సంరక్షణ అంటే మనసు ఒక్కటే కాదు, అది పని. అవసరాన్ని గమనించాలి, బాధ్యత తీసుకోవాలి, చేతనైనట్టు సరిగ్గా చెయ్యాలి, అందుకున్నవాళ్ళు దానికెలా స్పందిస్తున్నారో చూడాలి. మూడోదాన్ని, పనితనాన్ని, ఆమె నీతిలో భాగం చేసింది. చేతకాని సేవ మంచి ఉద్దేశంతో చేసినా సేవ కిందికి రాదు. ఇది చదివినప్పుడు నేను మార్జిన్‌లో గీత కూడా గీసుకున్నాను. నాలుగోది అప్పట్లో నాకు సులభంగా కనిపించింది. తువ్వాలులో కొట్టుకున్న రెక్కలే ఆ స్పందన అని ఆ పుస్తకం చదివినప్పుడు తట్టలేదు, కోసినప్పుడూ తట్టలేదు.

*

విశ్వవిద్యాలయం హాస్టల్లో నా పక్కగదిలో ఉన్న స్నేహితురాలు పశువైద్యం చదివింది. ఆ రాత్రి ఆమెకు ఫోను చేశాను. ముందు తిట్టింది. తర్వాత ఓపికగా చెప్పింది. నువ్వు చూసిన నల్లపక్కు మూత మాత్రమే, కింద గింజ ఎంత లోతుందో నీకు కనపడదు, కోసి తీసే పని మత్తు ఇవ్వగలిగిన డాక్టరుది. వాపు కీలు దాకా పాకినా, బాతు తిండి మానేసినా ఎంత దూరమైనా తీసుకుపో. మనుషుల కోసం తెచ్చిన యాంటీబయాటిక్ మాత్ర ముక్క చేసి వెయ్యొద్దు. ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది, ఆ గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదన్నది డాక్టరే చెప్పాలి.

ఇంట్లో చెయ్యగలిగింది ఇది. గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సమ్ ఉప్పు కలిపి రోజుకు రెండుసార్లు పావుగంట సేపు కాలు నానబెట్టాలి. ఆ నీళ్ళు అది తాగకుండా చూసుకోవాలి, తాగితే విరేచనాలవుతాయి. ఎప్సమ్ ఉప్పంటే మెగ్నీషియం సల్ఫేట్. మా ఊళ్ళో పత్తి ఆకు ఎర్రబడితే పిచికారీ చేసేదీ అదే, ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. అది కాదు, మందుల షాపులో కొనమంది. నానిన కాలిని మెత్తగా ఒత్తి ఆరబెట్టి, పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపిన బెటడైన్‌తో కడగాలి. పుండు మీద గాజు గుడ్డ, చుట్టూ దూది మెత్త, పైన అతుక్కునే కట్టు. వేళ్ళు చల్లబడేంత బిగించకూడదు. కట్టు రోజూ మార్చాలి. కింద గట్టి నేల తగలకుండా శుభ్రమైన వరిగడ్డి పరవాలి, తడిసిన గడ్డి తీసేస్తుండాలి. కట్టు విప్పినప్పుడు శుభ్రమైన నీళ్ళలో కాసేపు తేలనివ్వాలి. అన్నం తగ్గించాలి. వారాలు పడుతుంది, తొందరపడొద్దు.

చివర్లో అడిగింది. "చేతికి గ్లవుజులు వేసుకుంటున్నావా? ఆ సూక్ష్మజీవి మనుషుల పుండ్లలోకీ వస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే బాతును వాళ్ళచేత పట్టించొద్దు. వాళ్ళ కాళ్ళకు, చేతులకు గాయాలున్నాయేమో చూడు."

అమ్మకు తొమ్మిదేళ్ళుగా షుగర్.

ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయాను. అమ్మ చద్దన్నం గిన్నె తోముతోంది. కాలు చూపించమన్నాను. "నాకేమయింది పాపా, సుమ్నే ఉండు" అంది. కూర్చోమన్నాను. "పొద్దున చూద్దువులే, పోయి పడుకో" అంది. పీట తెచ్చి ముందు కూర్చున్నాను. చాలాసేపటికి కుడికాలు చాపింది. బొటనవేలి కింద, అరికాలిలో, నల్లటి పక్కు. చుట్టూ పసుపు, కొబ్బరినూనె. వేలు రంగు మారి ఉంది. "ఎప్పట్నించి?" అన్నాను. "నొప్పి లేదు పాపా. ఆనెకాయ" అంది.

నొప్పి లేకపోవడమే జబ్బని నాకు తెలుసు. షుగర్ వల్ల కాళ్ళ నరాలు స్పర్శ కోల్పోతాయి. బండ కాలినా తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. బాతు కాలి కింద కాలిన బండలే అమ్మ కాలి కిందా కాలాయి. ఆమె పెరట్లో చెప్పులు వేసుకోదు. తులసికోట ఉంది కాబట్టి.

*

ఆ పండగ ముందు రోజుల్లో అమ్మ అడుగు తేడాగా పడడం నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అడిగాను. రెండుసార్లూ ఆనెకాయ అంది, డాక్టరు దగ్గరికి వద్దంది. సరే అన్నాను. ఆమె శరీరం, ఆమె ఇష్టం. స్త్రీ శరీరం మీద నిర్ణయం స్త్రీదే అని సభల్లో మాట్లాడేదాన్ని. అమ్మ వద్దంటే వద్దనే కదా.

బాతు వద్దంది, నేను వినలేదు. అమ్మ వద్దంది, నేను విన్నాను. రెండుచోట్లా పొరపాటే చేశాను. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మా పిన్ని చెప్పిన భాష్యం వేరు. బాతుకు చేసిన సేవ తల్లికి చెయ్యలేదని. అది నాకు గుచ్చుకుంది కానీ నిజం కాదు. బాతును చూడడం వల్ల అమ్మను చూడలేకపోలేదు. బాతును చూశాను కాబట్టే అమ్మ కాలు ఆ రాత్రైనా చూశాను. శ్రద్ధ బిందెలో నీళ్ళలాంటిది కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తగ్గడానికి. నీళ్ళ సంగతి మాత్రం పిన్ని అన్నట్టే. తెల్లది తేలడానికి టబ్బు నింపిన రోజు పక్కింటి అక్క బిందెతో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి ఆమె బిందె నిండాకే మా టబ్బు. బాతు తేలిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు.

బాతు వద్దు అనడాన్ని నేను మాట కిందే లెక్కెయ్యలేదు. దానికి భాష లేదు కాబట్టి దాని పెనుగులాట నాకు అడ్డంకిగా మాత్రమే కనిపించింది. నిజానికి అది నాకు అవసరమైన సమాచారం ఇస్తోంది, నీకు ఈ పని రాదు, ఆపు అని. నానబెట్టేటప్పుడు అదే బాతు రెండోరోజుకు నీళ్ళలో కాలు పెట్టి కళ్ళు మూసుకునేది. అదీ సమాధానమే. తర్వాత కట్టు కట్టేటప్పుడు అది గింజుకుంటే బిగింపు చూసుకోవడం నేర్చుకున్నాను. అవసరమైన నొప్పి కొంత పెట్టాల్సివచ్చింది, పెట్టాను. కానీ ప్రతిసారీ దాన్ని అడుగుతున్నట్టే పెట్టాను.

అమ్మ వద్దు అనడాన్ని మాత్రం పూర్తి వాక్యంగా తీసుకున్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందని అడగలేదు. అమ్మ ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల. తాత గుంట మగ్గంలో కూర్చుని కాళ్ళతో చెక్కలు తొక్కుతుంటే, పక్కన రాట్నం ముందు అమ్మ కండెలు చుట్టేది. కండె ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. జ్వరమొచ్చినా కండె చుట్టాల్సిందే. నొప్పి అని చెప్పిన ఆడపిల్ల పని ఎగ్గొట్టే పిల్ల. పెళ్ళయ్యాక నొప్పి అని చెప్పిన కోడలు ఖర్చు. జబ్బు చెప్పుకోవడం బాతుకెంత ప్రమాదమో ఆమెకూ అంతే ప్రమాదం. ఆడవాళ్ళకు ఓర్పు సహజమంటారు. అది సహజమైతే ఆ ఓర్పు ఇంట్లో అందరికీ ఇంత లాభంగా ఎందుకుంటుంది?

'సుమ్నే' అన్న మాట కన్నడం. మా ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉంది, ఆ మాటలు మా నోళ్ళలో ఉండిపోయాయి. సుమ్నే అంటే ఊరికే అని అర్థం, మాట్లాడకుండా అనీ అర్థం. ఎందుకేడుస్తున్నావంటే సుమ్నే. ఏం కావాలంటే సుమ్నే. కారణం లేకపోవడాన్ని, నోరు మూసుకోవడాన్ని ఒకే మాటలో పెట్టి మా ఆడవాళ్ళు ఎంతకాలంగా మాట్లాడుతున్నారో. ఆ మాటను నేను సమ్మతి అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. కర్నూలుకు తీసుకుపోవాలి, అధ్యాయం ఆగిపోతుంది, వంట ఎవరు చేస్తారు. ఆమె వద్దంటే నాకు ఒక పని తప్పింది. దాన్ని ఆమె స్వేచ్ఛ అని, నా గౌరవం అని పిలుచుకున్నాను.

కారోల్ గిల్లిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' రాసినప్పుడు స్త్రీల నీతిని త్యాగంతో ఆపలేదు. మంచితనమంటే తనను తాను చెరిపేసుకోవడమే అనుకునే దశ ఒకటుందనీ, దాన్ని దాటి తననూ సంరక్షణ అందాల్సినవాళ్ళలో చేర్చుకోవడం నేర్చుకోవాలనీ ఆమె వాదన. సంరక్షణ గురించి మనం చేసే చర్చలో ఈ సగం తరచు జారిపోతుంది. అమ్మ ఆ దశ దాటలేదని నేను సులభంగా రాయగలను. కానీ ఆమె ఒక్కతే దాటేది కాదది. చెప్పుకుంటే ఖర్చవనని ఆమెకు ఇంట్లోవాళ్ళు చూపించాలి.

ఇంటివైద్యం విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మన స్త్రీల పత్రికల చరిత్రలోనే అది కలిసి ఉంది. 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి' ప్రారంభించిన కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యులు, ఆడవాళ్ళ జబ్బులకు 'లోధ్ర' తయారుచేసి అమ్మినవారు. స్త్రీల సాహిత్యం, స్త్రీల మందు ఒకే ఇంటి నుంచి వచ్చాయి. పసుపు, నూనె, కషాయం తెలిసిన అమ్మల జ్ఞానాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అందరికీ ఇంట్లో వైద్యం చేసే మనిషికి, తనకు జబ్బొస్తే ఆ ఇల్లే చాలు అనిపిస్తుంది. బాతుకు ఆసుపత్రి నవ్వు ఎదురైంది కాబట్టి ఇంట్లో చేశాం. అమ్మకు ఆసుపత్రి ఉంది. అయినా పసుపు దగ్గరే ఆగింది. ఇంటివైద్యానికి హద్దు ఎక్కడో తెలిసి ఉండడం కూడా ఆ వైద్యంలో భాగమే. ఆ హద్దు నాకు బ్లేడుతో తెలిసింది.

1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం వెనుక రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఉంది. జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ళు దానికి అనవసరమైన బాధ కలగకుండా తగిన చర్యలు తీసుకోవాలని ఆ చట్టం మూడో సెక్షన్ చెబుతుంది. తెల్లది నా సంరక్షణలో ఉందని రాసుకుంటూ వచ్చాను. అసలది అమ్మ సంరక్షణలో ఉంది. అమ్మ ఎవరి సంరక్షణలో ఉంది? ఈ ప్రశ్నకు మా ఇంట్లో ఎప్పుడూ జవాబు లేదు. ఎవరి సంరక్షణలోనూ లేకపోవడాన్నే మేం ఆమె గట్టితనం అనుకున్నాం.

*

కర్నూలులో ఒక ఆసుపత్రిలో అమ్మ బొటనవేలు తీసేశారు. ఇంతవరకు ఏం చేస్తున్నావమ్మా అని డాక్టరు ఆమెనే కసిరాడు. ఆమె తల దించుకుంది. నన్ను అడగాలి అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

తెల్లది కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. పక్కు దానంతటదే ఊడింది. ఇప్పటికీ కాస్త కుంటుతుంది, నా రెండో కోత గుర్తుగా. పెరట్లో సగం బండలు పెకలించి మట్టి పోయించాం. నల్లరేగడి అయితే తడిసినప్పుడు కాళ్ళకు ముద్దగా అంటుకుంటుందని ఎర్రమట్టి తెప్పించింది అమ్మ. ఇల్లు పాడుచేశారని పిన్ని అంది. అమ్మ పెరట్లో చెప్పులు వేసుకుంటోంది. తులసికోట దగ్గర మాత్రం విప్పి, వెనక్కి రాగానే మళ్ళీ వేసుకుంటుంది. అంతవరకు మా ఒప్పందం.

ప్రతి ఆదివారం సాయంత్రం మూడు జతల కాళ్ళు చూస్తాను. రెండు జతలు బాతులవి, ఒకటి అమ్మది. అమ్మను ఎత్తి కాలు తిప్పి చూడను. అడుగుతాను. సుమ్నే అంటే పీట తెచ్చుకుని కూర్చుంటాను. కొన్ని వారాలు నిజంగానే వద్దంటుంది, విసుక్కుంటుంది, ఆరోజు లేచిపోతాను. మర్నాడు మళ్ళీ అడుగుతాను. ఏ వద్దు దగ్గర ఆగాలో, ఏ వద్దు దగ్గర కూర్చోవాలో చెప్పే సూత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మొన్నొక ఆదివారం కాలు చూశాక ఆమె తన కాలు వెనక్కి తీసుకోలేదు.

"నీదీ చూపించు" అంది.

నాకేమయింది అనబోయి ఆగాను. చెప్పు విప్పి కాలు చాపాను.